ఆదివారం వేసిన ముద్ర

2025 ఆగస్టు 11, సోమవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలకు ప్రొద్దుటూరు హెడ్ పోస్టాఫీసులో ఒక రిజిస్టరు కవరును సంతకం చేసి తీసుకున్నాను. జమ్మలమడుగుకు చెందిన రిటైర్డ్ తపాలా ఉద్యోగి సీతాపతిదైన 1948 నాటి స్టాంపు కవరు అసలైనదేనని, దాని మీది ముద్రలో ఏ మోసమూ లేదని స్టాంపు నిపుణుల కమిటీ ఇచ్చిన ధ్రువపత్రం అందులో ఉంది. అది నకిలీ అని ఆరేళ్ల కిందట పత్రికలో రాసింది నేను. ఆ రోజుకు సీతాపతి చనిపోయి పదకొండు నెలల రెండు రోజులు.

ఈ వీలునామాకు కారణం అదే. నాకున్న మిగతా ఆస్తికి ఇంత కాగితం అక్కర్లేదు.

నేను, మల్లెల దేవపాలు, తండ్రి కీర్తిశేషులు మల్లెల జ్ఞానదాసు, వయసు 70 సంవత్సరాలు, వృత్తి పత్రికా విలేకరి, ప్రస్తుతం పని మానుకున్నాను, నివాసం కడప జిల్లా ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డు. ఈ పత్రం రాసే నాటికి నా బుద్ధి నిలకడగా ఉంది. గుండె అలా లేదు, మూడు నాళాలు మూసుకుపోయాయని డాక్టరు చెప్పారు. ఇది రాయమని నన్ను ఎవరూ ఒత్తిడి చేయలేదు. ఒత్తిడి చేసే హక్కున్న ఒక్క మనిషి నన్ను ఇంట్లోకి రానివ్వలేదు.

1. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. ఇదే మొదటిది, చివరిది.

2. దీని అమలు బాధ్యతను ప్రొద్దుటూరు న్యాయవాది సాజియా గారికి అప్పగిస్తున్నాను. ఆమె ఒప్పుకున్నారు. నా భార్యకు గానీ కూతురికి గానీ ఈ పని ఇవ్వకపోవడానికి కారణం ఏడో అంశంలో ఉంది.

3. మైదుకూరు రోడ్డులోని ఇల్లు నా స్వార్జితం. నా తదనంతరం అది, అందులోని సమస్త సామానుతో సహా, నా భార్య లీలమ్మకు సర్వహక్కులతో చెందుతుంది. ముప్పై నాలుగేళ్లు ఊళ్ల వెంట తిరిగి పిల్లలకు టీకాలు వేసిన మనిషి ఆమె. ఎవరు అబద్ధం చెబుతున్నారో గుమ్మంలో నిలబడే చెప్పేయగలదు. 2019లో సీతాపతి గురించి ఆమె నాకు చెప్పింది, చెప్పింది చెప్పినట్టు ఇక్కడ పెడుతున్నాను: "ఆయప్ప ఫోన్ ఎత్తకపోతే బస్సు లేదా నీకు? ముప్పావుగంట దావ. పోయి అడిగి రా. ఆయన మన ఇంట్లో ఎన్నిసార్లు కాఫీ తాగినాడు!" నేను పోలేదు. ఇల్లు ఆమెకు ఇవ్వడం దానికి పరిహారం కాదు. ఇల్లు ఎటూ ఆమెదే.

4. నా పద్నాలుగు స్టాంపు ఆల్బములు నా కూతురు హెలెన్‌కు చెందుతాయి. ఆమె పులివెందులలో ప్రభుత్వ ఉపాధ్యాయిని. స్టాంపులంటే ఆమెకు ఆసక్తి లేదు. చిన్నప్పుడు నేను స్టాంపులు నానబెట్టిన పళ్లెంలో అన్నం పెట్టుకుందని అరిచాను, అప్పటి నుంచి లేదు. మొన్న వచ్చినప్పుడు అడిగింది: "నాయనా, అమ్మల్లన్నా కొనల్లన్నా నేను యాడికి పోవల్ల? ఎవర్ని నమ్మల్ల?"

ముప్పై ఆరేళ్లుగా నేను రాసుకున్న నోటుబుక్కు దానికి సమాధానం. నల్ల అట్ట, మీద "నమ్మదగినవాళ్లు" అని ఉంటుంది. అది కూడా హెలెన్‌కే. అందులోని సారాంశం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే నా చేతిరాత ఆమెకు అర్థం కాదు.

కొత్త స్టాంపులు కావాలంటే పోస్టాఫీసులో స్టాంపులు సేకరించేవాళ్ల కోసం ఉండే ఫిలాటెలీ కౌంటరుకే పోవాలి. ముందుగా కొంత డబ్బు కట్టి ఖాతా తెరిస్తే వాళ్లే పంపుతారు. అక్కడ వెల స్టాంపు మీద ముద్రించి ఉంటుంది, బేరం లేదు, మోసం లేదు. పాతవి కావాలంటే బిల్లు ఇచ్చేవాళ్ల దగ్గర, నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటామని ఆ బిల్లు మీద రాసిచ్చేవాళ్ల దగ్గర మాత్రమే కొనాలి. నోటితో చెప్పేవాళ్లు పేజీ 11 నుంచి 19 దాకా ఉన్నారు, అందరి పేర్లూ కొట్టేశాను. ఫోన్లో ఫొటో చూసి కొనాల్సి వస్తే వెనకవైపు ఫొటో అడగాలి. పంపనంటే ఆపేయాలి. స్టాంపు ముందువైపు అందరూ బాగు చేస్తారు, వెనక బంక ఎవరూ సరిగా పెట్టలేరు. సంతలో కిలోల లెక్కన అమ్మే స్టాంపులు పిల్లలకు ఇవ్వడానికి పనికొస్తాయి. అన్నిటికన్నా మంచిది, ఉత్తరం ఏ ఇంటికి వచ్చిందో ఆ ఇంట్లోనే కొనడం. మన ప్రాంతంలో క్రైస్తవ మిషను కాలపు కుటుంబాల పెట్టెల్లో, తొండూరులో, వల్లూరులో, బైబిళ్ల మధ్య ఇంకా కవర్లున్నాయి. కవరు మీది పేరూ ఆ ఇంటివాళ్ల పేరూ ఒకటైతే అంతకు మించిన ఆధారం లేదు.

హెలెన్ గమనించాలి: ఈ చివరి సూత్రం నేను 1991లో రాసుకున్నాను. 2019లో పాటించలేదు.

నోటుబుక్కు మొదటి పేజీలో మొదటి పేరు "సీతాపతి, జమ్మలమడుగు". దాని మీద ఎర్ర గీత ఉంది. ఆ గీత నాది. దాన్ని చెరపకూడదు. దాని కింద "గీత తప్పు, పేరు ఒప్పు" అని రాసి సంతకం చేశాను.

5. పళ్లచక్రం, అంటే స్టాంపు అంచు పళ్లను లెక్కపెట్టే కొలబద్ద, భూతద్దం, రెండు చిమటాలు కడప ఫిలాటెలీ కౌంటరులో పని చేసిన రజిని గారికి ఇవ్వాలి. పదకొండేళ్లలో ఒక్క స్టాంపు మూల కూడా మడవకుండా ఇచ్చారు. కొత్త స్టాంపు వచ్చిన రోజు ఫోన్ చేసి "సార్, నీదొకటి పక్కన బెట్న్యా, పైనోళ్లు వచ్చేలోపల వచ్చేయ్" అనేవారు. నేను ఆమెకు ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు.

6. ఏడో అంశం అర్థం కావాలంటే జరిగింది చెప్పాలి. క్రమంగా చెబుతాను.

సీతాపతి నాకు 1989 నుంచి తెలుసు. జమ్మలమడుగు పోస్టాఫీసులో గుమాస్తా. ఆయన తండ్రి కూడా అక్కడే గుమాస్తాగా చేశారు. నేను ఆయన్ని సామీ అనేవాణ్ని, ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. స్టాంపును కవరు నుంచి ఎలా ఊడదీయాలో ఆయనే నేర్పించాడు: వెడల్పు పళ్లెం, చల్లనీళ్లు, ఇరవై నిమిషాలు, తొందర వద్దు. ఒకసారి మా పత్రిక మీద ఆరబెడితే స్టాంపుకు సిరా అంటుకుంది. "మీ పేపరు మీద ఏం బెట్టినా మసి అయితాంది దేవపాలూ" అని నవ్వాడు. ఇంకోసారి అన్నాడు: "నకిలీది నీళ్లల్లో ఏస్తే రంగు ఇడిసేస్తాది. మనిషిని యాడేసి చూస్తావప్పా?" ముప్పై ఏళ్లు ప్రతి సోమవారం ఆయన నాకొక కార్డు రాశాడు. ఏ స్టాంపు ఎక్కడ దొరుకుతోంది, ఎవరు నమ్మకస్తుడు, ఎవరు కాదు. నా నోటుబుక్కులో సగం ఆయన కార్డుల నుంచి ఎక్కించిందే.

2019 ఫిబ్రవరి 16, 17 తేదీల్లో ప్రొద్దుటూరులో మా స్టాంపుల సంఘం ప్రదర్శన పెట్టింది. నేను కార్యదర్శిని. సీతాపతి తన తండ్రి పేరున్న ఒక కవరు తెచ్చాడు. గాంధీజీ స్టాంపులు మొదటిసారి వచ్చింది 1948 ఆగస్టు 15న. ఆ కవరు మీద అణాన్నర, మూడున్నర అణాల, పన్నెండణాల స్టాంపులు మూడు ఉన్నాయి, వాటి మీద అదే తేదీతో జమ్మలమడుగు పోస్టాఫీసు ముద్ర ఉంది. పెద్ద నగరాల ముద్రలు దొరుకుతాయి. ఇంత చిన్న ఊరి మొదటి రోజు ముద్ర ఎవరూ చూడలేదు. బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన కొంటానన్నాడు, కార్యదర్శి అసలైనదని చెబితేనే అన్నాడు. సీతాపతి కవరును నా చేతికిచ్చి, "నువ్వు చూసి చెప్పు, నీ మాటే నాకు సర్టిఫికెట్టు" అన్నాడు.

1948 ఆగస్టు 15 ఆదివారం. అది నేను లెక్క కట్టి తెలుసుకున్నాను. మా ఇంట్లో ఆదివారం పొయ్యి వెలిగించేవారు కాదు, శనివారం వండిందే తినేవాళ్లం. మమ్మల్ని కొట్టుకు పంపేవారు కాదు. మా నాయన జమ్మలమడుగు మిషను బడి పంతులు. విశ్రాంతి దినాన పెన్సిలు చెక్కినా ఒప్పుకునేవాడు కాదు. ఆదివారం జమ్మలమడుగులో పోస్టాఫీసు తెరిచి ఉండటం నా ఊహకు రాలేదు. ఊహకు రానిదాన్ని అబద్ధం అనుకున్నాను. పాత ముద్రలు గుమాస్తాకు అందుబాటులో ఉంటాయి కాబట్టి, ఆయనే తర్వాత వేసుకున్నాడని తేల్చాను.

వార్తకు రెండు ఆధారాలు ఉండాలన్నది నా నియమం. ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరును అడిగాను. "ఆదివారం పోస్టాఫీసు తెరుస్తారేందప్పా యాడన్నా?" అన్నాడు. ఆయన ఉద్యోగంలో చేరింది 1971లో. చెన్నైలో ఒక స్టాంపుల వ్యాపారిని ఫోన్లో అడిగాను. ఆదివారం పోస్టాఫీసు మూసి ఉంటుందని నేను చెబితే, అలాగైతే అనుమానించాల్సిందే అన్నాడు. అంటే రెండో ఆధారం నా మాటే. చెన్నై దాకా పోయి తిరిగి వచ్చింది. నేను దాన్ని వేరే మనిషి మాటగా లెక్కపెట్టాను.

ఫిబ్రవరి 20న జిల్లా పేజీలో వార్త వచ్చింది. పేరు రాయలేదు. "జమ్మలమడుగుకు చెందిన ఒక రిటైర్డ్ తపాలా ఉద్యోగి" అని రాశాను. జమ్మలమడుగులో స్టాంపులు సేకరించే రిటైర్డ్ తపాలా ఉద్యోగి ఒక్కడే. చివర "ఆయన వివరణ కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు" అని ఉంది. నిజం ఏమిటంటే ముందు రోజు మధ్యాహ్నం ఒంటి గంటా పది నిమిషాలకు ఒక్కసారి ఫోన్ చేశాను. ఆ సమయంలో ఆయన భోంచేసి పడుకుంటాడని నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు.

ఆ తర్వాత ఆయనకు ఏం జరిగిందో ఆయన కొడుకు ఫణికుమార్ ఈ ఏడాది నాకు చెప్పాడు. టీ కొట్టు దగ్గర కూర్చుంటే "సామీ, పాత ముద్ర ఇంటికి ఎత్తుకోని పొయినావంట గదా, మాకూ ఒగటి కొట్టియ్యి" అనేవారట. నెల తర్వాత ఆయన టీ కొట్టుకు పోవడం మానేశాడు. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో లేని మనిషి.

ఫిబ్రవరి 25, సోమవారం తేదీతో నాకు ఆయన చివరి కార్డు వచ్చింది. పూర్తిగా ఇది: "దేవపాలూ, ఆ పొద్దు మా నాయన పోస్టాఫీసు తెరిచినాడు. మీ నాయన గూడా ఆడికి వచ్చినాడని చెప్పేవాడు. మీ ఇంట్లో ఏమన్నా కాయితాలుంటే ఒగసారి చూడు. సీతాపతి."

నేను చూడలేదు. ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు తనకు అనుకూలంగా చెప్పే మాట ఆధారం కాదని ఫైలు మూసేశాను. కవరు ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. మీద "నకిలీ" అని రాసిన సంచిలో పెట్టి బీరువాలో ఉంచాను.

2024 సెప్టెంబరు 9న ఆయన చనిపోయాడు. మరునాడు పత్రికలో రెండు వాక్యాలు చూశాను. పోలేదు.

2025 మే నెలలో చెదలు పట్టిందని లీలమ్మ మా నాయన ట్రంకుపెట్టె బయటికి లాగింది. ఆయన 1987లో చనిపోయాడు. పెట్టె అప్పటి నుంచి తెరవలేదు. "ఇదేందో చూడు, మామ రాత" అని ఒక డైరీ ఇచ్చింది. ఆ పేజీ ఇది:

"15-8-48, ఆదివారము. ఆరాధన ముగిసిన పిమ్మట తపాలా కచేరి రెండు గంటలు తెరచిరి. బాపూజీ స్టాంపులు వచ్చినవి. గుమాస్తాగారు తమ కవరుపై మొదటి ముద్ర వేసుకొని రెండవది నాకు వేసిరి. విశ్రాంతి దినమున కొనుట తప్పని ఎరుగుదును. ఇంటిలో చెప్పలేదు."

డైరీలో కవరు ఉంది. అణాన్నర స్టాంపు, అదే ముద్ర. వలయం కింద ఎడమవైపు ఒక చిన్న విరుపు ఉంది. బీరువా తీసి సీతాపతి కవరు పక్కన పెట్టాను. అదే చోట అదే విరుపు.

ఆ ఆదివారం కొన్నందుకు సిగ్గుపడి మా నాయన దాన్ని దాచాడు. ఆయన దాచినందువల్ల నాకు తెలియలేదని చెప్పుకోవచ్చు. కానీ పెట్టె ఎక్కడుందో నాకు తెలుసు, చూడమని రాసిన కార్డూ నా దగ్గరే ఉంది. రెండు కవర్లనూ నిపుణుల కమిటీకి పంపాను. తర్వాత సంగతి మొదటి పేరాలో ఉంది.

7. ధ్రువపత్రం వచ్చిన రెండు రోజులకు, ఆగస్టు 13న, రెండు కవర్లూ తీసుకుని జమ్మలమడుగు పోయాను. సీతాపతి భార్య సరస్వతమ్మ గుమ్మంలోనే ఆపింది. వెనకటికి నన్ను అన్నా అనేది. ఆమె అన్న మాటలు బస్సులోనే రాసుకున్నాను:

"ఐదేండ్లు ఆ కిటికీ కాడ కూచున్న్యాడప్పా. పొద్దుటూరు బస్సు వచ్చే యాళకు లేసి నిలబడుతుండె. నువ్వు దిగుతావేమోనని. ఇప్పుడు కాయితం ఎత్తుకోని వచ్చినావు. ఎవురికి చూపిచ్చల్ల? నాకా? ఆయన దొంగ కాదని నాకు కాయితం కావల్నా?"

కవరు తీసుకోమని అడిగాను. "నీ చేతి మీంచి నేను తీసుకోను. నీ పెండ్లాం చేత, నీ బిడ్డ చేత పంపొద్దు. లీలమ్మ మొగం చూసి నేను కాదనలేను, అందుకే వద్దంటాండా. నువ్వు పోయినంక ఎవరన్నా తెచ్చిస్తే అప్పుడు చూస్తా" అంది. తలుపు వేయలేదు. నేను వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉంది.

కాబట్టి: నా మరణానంతరం పదిహేను రోజుల లోపు, సాజియా గారు స్వయంగా జమ్మలమడుగు పోయి, సీతాపతి కవరు, ధ్రువపత్రం, "నకిలీ" అని నేను రాసిన సంచి, మా నాయన కవరు, ఆ డైరీ పేజీ సరస్వతమ్మకు అప్పగించాలి. మొదటిది ఎప్పుడూ ఆమె కుటుంబానిదే, నేను ఇచ్చేది కాదు. రెండోది నేను ఇస్తున్నాను. మా నాయన చేతిరాతలో నాకు మిగిలింది ఆ డైరీ ఒక్కటే. అయినా సాక్ష్యం దేన్ని రుజువు చేస్తుందో దాని పక్కనే ఉండాలి. హెలెన్ ఒప్పుకుంది.

సరస్వతమ్మ వద్దంటే బలవంతం చేయకూడదు. సంవత్సరానికి ఒకసారి, ఏదో ఒక సోమవారం, మళ్లీ అడగాలి. ఆమె తర్వాత ఫణికుమార్‌ను అడగాలి. ఈ కవర్లను ఎవరూ ఎప్పుడూ అమ్మకూడదు.

8. సవరణ వేయమని పత్రికను అడిగాను. ఇప్పుడున్న ఉప సంపాదకుడు మర్యాదగానే చెప్పాడు: "సార్, మనం ఆయన పేరే రాయలేదు కదా. పేరు లేనాయనకు సవరణ ఎట్ల వేస్తాం?" పేరు రాయకపోవడం జాగ్రత్త అనుకున్నాను. ఆ జాగ్రత్తే ఇప్పుడు అడ్డం వచ్చింది. నా అంత్యక్రియల ఖర్చు తగ్గించి, ఆ డబ్బుతో జిల్లా పేజీలో ఈ ప్రకటన వేయించాలి. ఒక్క అక్షరం మార్చకూడదు:

"2019 ఫిబ్రవరి 20న వచ్చిన నకిలీ స్టాంపుల వార్త తప్పు. అందులో చెప్పిన తపాలా ఉద్యోగి జమ్మలమడుగు సీతాపతి. ఆయన కవరు అసలైనది. ఆయన వివరణ కోసం విలేకరి సరిగా ప్రయత్నించలేదు. మల్లెల దేవపాలు."

9. నన్ను ప్రొద్దుటూరు క్రైస్తవ శ్మశానంలో మా నాయన పక్కన పెట్టాలి. పాస్టరు గారు ప్రసంగంలో నన్ను నిజం రాసిన మనిషి అనకూడదు. పూలదండలు వద్దు. స్టాంపుల సంఘం అధ్యక్షుడు మాట్లాడతానంటే ఇవ్వొద్దు. 2019లో ఆ వార్త కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించింది ఆయనే. నేను చూసి కూడా తీయలేదు గనుక నాకు ఆయన మీద కోపం పెట్టుకునే హక్కు తక్కువే, అయినా ఉంది.

10. సీతాపతి రాసిన కార్డుల్లో నా దగ్గర మిగిలినవి 1,412. అవి నాతో పాటు పెట్టెలో పెట్టాలి. చివరి కార్డు మాత్రం కాదు. అది సరస్వతమ్మకు ఇచ్చే కట్టలో పైన ఉండాలి.

11. డాక్టరు నా గుండె ఆపరేషన్ బాగా జరిగే అవకాశం నూటికి తొంభై అన్నారు. లీలమ్మ, హెలెన్ అందుకు సంతోషించారు. బాగా జరిగితే ఈ వీలునామా అమలులోకి రాదు, కవర్లు నా బీరువాలోనే ఉంటాయి. ఆ సంగతి సాజియా గారికి చెప్పాను. ఆమె రాసుకున్నారు.

పైన రాసినదంతా చదివి, విని, సరిగా ఉందని ఒప్పుకుని, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను.

ప్రొద్దుటూరు, 2025 నవంబరు 1, శనివారం.

(సంతకం) మల్లెల దేవపాలు

సాక్షులు:
1. జీవన్ కుమార్, ప్రింటింగ్ ప్రెస్ యజమాని, ప్రొద్దుటూరు
2. మాబున్ని, రిటైర్డ్ ఉపాధ్యాయిని, ప్రొద్దుటూరు

తర్వాతి కార్యక్రమం, సాజియా గారి సమాచారం కోసం: నవంబరు 3, సోమవారం ఉదయం 11.30కు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈ పత్రం రిజిస్ట్రేషన్. అక్కడి నుంచి లీలమ్మ, నేను పులివెందుల బస్సులో హెలెన్ దగ్గరికి. ఆ బస్సు ఒంటిగంట ప్రాంతంలో జమ్మలమడుగులో పది నిమిషాలు ఆగుతుంది. నేను దిగను. నవంబరు 6, గురువారం ఉదయం ఏడు గంటలకు ఆపరేషన్.